మూడిళ్ల లెక్క

ఆశ్వయుజం 3

ఉదయం రెండు గోనెల గింజలు దిగాయి. ఒక గోనెలో ఎలుక కూడా దిగింది. దానికీ రసీదు ఇస్తారా అని బండి తోలుకొచ్చినాయన అడిగాడు. బతికున్నవాటికి మా షెడ్డులో రసీదులు లేవని చెప్పాను.

మధ్యాహ్నం దాకా కడగడమే సరిపోయింది. పాత ఫోన్ల మెమరీ చిప్పులు వేలిగోరంత ఉంటాయి, అందుకే గింజలంటాం. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి ఉప్పెన ఉప్పు ఇంకా కొన్నింటికి అంటుకునే ఉంది. స్పిరిట్‌లో ముంచి, పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి జల్లెడ యంత్రంలో పెట్టాలి. నా పళ్లకన్నా వాటినే శ్రద్ధగా తోముతానని మా ఆవిడ బతికుండగా అనేది. నిజమే. గింజలింకా ఉన్నాయి, నా పళ్లు సగమే ఉన్నాయి.

జల్లెడ ఒక్కో ఫైలునీ చదివి దానికో ముద్ర తీస్తుంది. అంకెలూ అక్షరాలూ కలిపి అరవై నాలుగు. చదువుకున్నవాళ్లు హాష్ అంటారు. నేను ఊరిబడిలో ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి ముద్ర అంటాను. ఒకే ఫైలు వెయ్యి ఫోన్లలో ఉన్నా ముద్ర ఒకటే. ఆ ముద్ర మా దగ్గరున్న తెలిసిన జాబితాలో ఉందంటే అది ఏ కంపెనీవాళ్లదో పాత సాఫ్ట్‌వేర్ ముక్క, ఎవరి సొంతమూ కాదు, చెరిపేస్తాం. జాబితాలో లేదంటే ఎవరి పెళ్లి ఫొటోనో, ఎవరి తాత గొంతో. దాన్ని గాదెలోకి, అంటే మా పెద్ద నిల్వ యంత్రంలోకి, ఎక్కించి, గింజని ఖాళీ చేసి ఆసుపత్రి యంత్రాలకో నీళ్ల పంపులకో పంపుతాం. కొత్త గింజలు చేసేవాళ్లు లోకంలో ఎక్కడా మిగిలినట్టు కబురు లేదు. మా గుమ్మం మీద పెద్ద బోర్డు ఉంది: ‘మీ సొంతవి ఎక్కడికీ పోవు.’ రాసింది నేనే. దస్తూరి బాగుందని అందరూ అంటారు.

ఈ రోజు జల్లెడ పట్టినవి పదకొండు వేల ఫైళ్లు. అందులో మనుషులవి అరవై. ఫోనులో మనిషి వాటా ఎప్పుడూ అంతే.

ఆశ్వయుజం 5

పోలయ్య గారూ, ఆయన పెంచిన కూతురు లంకమ్మా వచ్చారు. ఇద్దరూ మొగలిలంక వాళ్లు, అంటే ఇప్పుడు నీళ్లలో ఉన్న ఊరివాళ్లు. లంకమ్మకి ముప్పై ఒక్క ఏళ్లు. ఉప్పెన నాటికి నెలన్నర పిల్లట. పదకొండు రోజుల కిందట తనకే ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లగానే మొదట వచ్చింది మా షెడ్డుకే. గుడికి వెళ్లాల్సింది కదమ్మా అంటే, “దేవుడి దగ్గర మా అమ్మ గొంతు లేదు కదా బాబాయ్ గారూ, మీ దగ్గర ఉంది,” అంది.

వాళ్లు వచ్చిన పని పూర్తిగా చెప్పేలోపే గుమ్మంలో కూలీ ఒకడు గోనె ముందు దింపాలా తను ముందు రావాలా తేలక నిలబడిపోయాడు. నేను అలవాటుగా అన్నాను, “గేదె ఈదుద్ది, నువ్వు ఈదలేవు. ముందు నువ్వెక్కు.”

షెడ్డులో అందరూ నవ్వారు. అది మా షెడ్డు సామెత. తొమ్మిదేళ్ల నుంచి నేనే అంటున్నాను, ఎవడు తడబడినా అదే.

పోలయ్య గారు నవ్వలేదు. “ఆ మాట తమరికెలా తెలుసండి?” అన్నారు.

“ఏదో పాత హాస్యం ముక్కండి. ఓ గింజలో విన్నాను.”

“హాస్యం కాదండి. అది నన్నన్నది. ఒరే పోలిగా, గేదె ఈదుద్ది, నువ్వు ఈదలేవు. ముందు నువ్వెక్కు. రేవు పడవ. అని. దీని అమ్మ అంది.”

తర్వాత ఆయనే మొత్తం చెప్పారు. లంకమ్మ తల్లి నూకరత్నం. మొగలిలంకలో నీళ్ల మోటారు వేసే పని ఆవిడది. ఆ మధ్యాహ్నం సముద్రం లేస్తోందని ముందు చూసింది ట్యాంకు మీదున్న ఆవిడే. ఊరంతా బీరువాలూ గేదెలూ అంటూ తిరుగుతున్నారు. ఆవిడ ఫోను తీసి నాలుగు నిమిషాలు మాట్లాడి ఊరందరికీ పంపింది. కుళాయి వరసలో, మొదటి కుళాయి ఇంటి నుంచి చివరి కుళాయి ఇంటి దాకా, ముప్పై నాలుగిళ్లు. ఇంటికో తిట్టు, ఏ పడవ ఎక్కాలో ఒక మాట. ముప్పై నాలుగిళ్ల వాళ్లూ ఎక్కారు. ట్యాంకు మీద నుంచి ఆవిడ మాత్రం దిగలేకపోయింది.

“చివరి కుళాయి మాదేనండి,” అంది లంకమ్మ. “ఇంట్లో మా నాయనమ్మ, నేను. ముహూర్తం కుదరక నాకప్పటికి బారసాల కాలేదు. చివర్లో మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచిందట.”

“ఏ పేరు?”

“అదే కావాలి.”

పోలయ్య గారు చెప్పారు. ఆ ఇంటి నాయనమ్మ గారూ, ఆయన భార్య గవరమ్మ గారూ ఇద్దరే చివరిదాకా విన్నారట. పేరు మొదటిసారి కన్నతల్లి నోటనే చెవిలో పడాలి, మనం అనకూడదు, పెద్దయ్యాక తనే వింటుంది అని, ఆ పేరు ఎవరికీ చెప్పలేదట. అందాకా పిలవడానికని లంకమ్మ అన్నారు. అందాకా అన్నది ముప్పై ఏళ్లయింది. గవరమ్మ గారు పోయి నాలుగేళ్లు.

“మరి నువ్వెందుకు వినలేదమ్మా?”

“భయమండి. చిన్నప్పుడు ఏడుపొచ్చేది. తరవాత పెళ్లయ్యాక విందాంలే అనుకున్నాను, తరవాత పిల్ల పుట్టాక అనుకున్నాను. ఎక్కడికి పోద్ది, ఊరందరి ఫోన్లలో ఉంది కదా అని.” చంకలో పిల్లని సర్దుకుంది. “ఇరవై ఒకటో రోజున బారసాల. ఆ పేరే దీనికి పెడదామని. ఊళ్లో అందర్నీ అడిగాను. అందరూ ఫోన్లు మీకే ఇచ్చేశారు. గాదెలో ఉంటది, వెళ్లి అడుగు అన్నారు.”

రేపు తీసి ఉంచుతానని చెప్పి పంపాను. గేదె మాట ఆ రోజు మళ్లీ అనలేదు. 

ఆశ్వయుజం 6

గాదెలో లేదు.

జాబితా తీశాను. ఒక వరస దగ్గర, తొమ్మిదేళ్ల కిందటి తేదీ, పక్కన ‘స’ అని నా పొడి అక్షరం. నా పేరు సన్నిబాబు. ఈ షెడ్డులో ‘స’తో మొదలయ్యే మగవాణ్ని నేనొక్కణ్నే, మా షెడ్డు పెద్ద సువార్తమ్మ గారు పూర్తి పేరు రాస్తారు.

జరిగింది రాసుకోవాలి. ఈ పుస్తకం నాది, ఎవరూ చూడరు.

అప్పట్లో తెలియనివి గుట్టలుగా పడేవి. జాబితా ఉప్పెనకి ముందరిది. దాని తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ దానికి తెలియదు. ఒక్కో ఫైలూ మనిషే విప్పి చూడాలి. ఆసుపత్రిలో ఊపిరి యంత్రాలు గింజల కోసం ఆగి ఉన్నాయి. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. సంబంధం లేని మూడిళ్ల గింజల్లో ఒకే ముద్ర వచ్చిందంటే అది ఎవరి సొంతమూ కాదు, జాబితాలో చేర్చేద్దాం. మూడిళ్లలో కూర ఒకే రుచిగా ఉందంటే అది హోటలు నుంచి తెచ్చిందే కదా అన్నాను. సువార్తమ్మ గారు అంతలా నవ్వడం నేను అప్పుడే చూశాను. దానికి మూడిళ్ల లెక్క అని పేరు పెట్టారు. నాకొక ఫ్లాస్కు బహుమతి ఇచ్చారు. కొండమీద మిగతా నాలుగు షెడ్లకూ మా జాబితా పంపారు.

ఒక షరతు పెట్టుకున్నాం: చేర్చే ముందు ఒకసారి విప్పి చూడాలి. నేను విప్పాను. అది రాసుకోకపోతే అబద్ధమవుతుంది. ఆడమనిషి గొంతు, కాస్త బొంగురు, వెనకాల గాలి. ఒరే పోలిగా, గేదె ఈదుద్ది. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో జనం ఒకరికొకరు పంపుకున్న హాస్యం ముక్క అనుకున్నాను. ఆరు సెకన్లు విని, నవ్వి, చేర్చేశాను. పక్కవాళ్లకి ఆ మాట చెప్పి మళ్లీ నవ్వాను.

జాబితాలో చేరగానే గాదెలో ఉన్న ప్రతుల్ని యంత్రమే ఊడ్చేస్తుంది. ఆ తర్వాత ఏ ఫోను వచ్చినా చెరిపేస్తుంది. ఎన్నిసార్లు చెరిపిందో వరస చివర అంకె ఉంటుంది. నూట పదిహేడు.

ఊరందరూ దాచుకున్నారు కాబట్టి అది ఎవరిదీ కాదని తేల్చాం.

ఆశ్వయుజం 7

సువార్తమ్మ గారికి చెప్పాను. ఆవిడ నాకన్నా ఆరేళ్లు చిన్న. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 

“ముద్ర ఉంది కదా. ముద్ర నుంచి ఫైలు రాదా?” అన్నారు. రాదని ఆవిడకీ తెలుసు.

“వేలిముద్ర చూసి మనిషిని పోల్చగలం గానీ అమ్మగారూ, ముద్ర నుంచి మనిషిని చెయ్యలేం.”

“ఇప్పుడు కూడా చమత్కారమేనా, సన్నిబాబు.”

“చమత్కారం కాదండి. ఇలాగే మాట్లాడటం వచ్చు నాకు.”

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “దొరకలేదని చెప్పు. ఉప్పుకి చెడిపోయిందని చెప్పు. రోజూ ఎంతమందికి చెప్పడం లేదు?”

“ఉప్పుకి చెడితే అలాగే చెబుదును.”

“నీ ఒక్కడి తప్పు కాదది. నేనూ సరే అన్నాను. ఆ గింజలే లేకపోతే ఆసుపత్రిలో ఎంతమంది పోయేవాళ్లో.”

అదీ నిజమే. మంచి పనిలో జరిగిన తప్పుని తిట్టడానికి కూడా సరైన మాట దొరకదు.

ఆ వరస జాబితాలోంచి కొట్టేశాం. ఇక మీద ఎక్కడ వచ్చినా చెరగదు. నాలుగు షెడ్లకూ రేడియోలో కబురు పెట్టాను. సాయంత్రానికి జవాబులు వచ్చాయి. మూడు షెడ్లలో ముద్ర కలిసింది, చెరిపేశారు: ఎనిమిది, రెండు, పంతొమ్మిది. నాలుగో షెడ్డువాళ్లకి అసలు రాలేదట. ఆ షెడ్డు రేడియో దగ్గరున్నాయన, “మీ మూడిళ్ల లెక్క భలే పనికొచ్చిందండి మాకు,” అని మెచ్చుకున్నాడు. థాంక్సండి అన్నాను.

ఆశ్వయుజం 8

లంకమ్మ ఇంటికి వెళ్లాను. పోలయ్య గారు అరుగు మీద వెదురు చీలుస్తున్నారు. కూర్చోమని పీట వేశారు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. అంతా చెప్పాను, ఆరు సెకన్లూ, నవ్వూ, ఫ్లాస్కూ.

లంకమ్మ ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త సులువుగా ఉండేది.

“అంటే అందరి దగ్గరా ఉంది కాబట్టి తీసేశారు.”

“అవునమ్మా.”

“ఒక్కరి దగ్గరే ఉంటే?”

“దాచేవాళ్లం.”

ఆమె తల ఊపింది, కొలత తీసుకున్నట్టు. “వెయ్యిసార్లు తీరికైంది నాకు వినడానికి,” అంది.

పోలయ్య గారు కత్తి పక్కన పెట్టారు. “మేం మాత్రం? వాళ్ల దగ్గర ఉంది కదా అని మేం ఇచ్చాం, మా దగ్గర ఉంది కదా అని వాళ్లిచ్చారు. అందరూ అలాగే అనుకుంటే ఇంకెక్కడుంటదండి.”

“చివరగా వచ్చిన ఫోను ఎవరిది బాబాయ్ గారూ?” అంది లంకమ్మ. “జాబితాలో ఉంటది కదా.”

ఉంది. భాద్రపదం రెండో తారీఖు, పోలయ్య గారి ఇల్లు, గవరమ్మ గారి ఫోను. పురుటి గదిలో యంత్రాలకి ఇంటికో గింజ ఇవ్వమని ఆసుపత్రివాళ్లు అడిగారు, కాన్పుకి వెళ్లే ముందు ఇచ్చారు. యంత్రం మీద వేలితో పెట్టిన సంతకం లంకమ్మదే. అవతలి షెడ్ల తేదీలు కూడా చూశాను, అన్నీ అంతకు ముందువే. నూట పదహారూ పోయాక కూడా ఒకటుంది, అది వాళ్ల పెట్టెలోనే ఉంది. నెల కిందటి దాకా.

“పేరు చెరిగిపోయిందమ్మా,” అన్నాను. “సిరా ఊడిపోయింది.”

మా జాబితా అంతా యంత్రంలోనే, అందులో సిరా ఉండదు. పోలయ్య గారు నా మొహం వంక చూశారు. చూసి, వెదురు తీసుకుని మళ్లీ చీల్చడం మొదలుపెట్టారు. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఇద్దరం ఆ మాట అక్కడే వదిలేశాం.

ఆశ్వయుజం 10

గింజలు కడుగుతుంటే తట్టింది. ముద్ర కలవాలంటే ఫైలు అచ్చంగా అదే అవ్వాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా అరవై నాలుగూ మారిపోతాయి. నూకరత్నం గారి మాట ఎవరి ఫోనులోకైనా సగమే దిగి ఆగిపోయి ఉంటే? ఉప్పు తిని ముక్కలై ఉంటే? దాని ముద్ర వేరు. జల్లెడ దాన్ని గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే గాదెలో వేస్తుంది.

గాదెలో పాడైనవి ఒక మూల పోస్తాం. ఎవరూ అడగరు కనుక ఎవరూ చూడరు. అందులో గొంతువి ఎన్నని లెక్క వేయించాను. ముప్పై తొమ్మిది వేల చిల్లర.

సువార్తమ్మ గారు ఆ రోజు కడగాల్సిన గోనెల్ని పక్క షెడ్డుకి మళ్లించారు. చెవులకి పెట్టుకునేవి రెండు తెచ్చారు. ఒకటి తనకి.

ఆశ్వయుజం 11

మొగలిలంక ఇళ్ల గింజల నుంచి వచ్చినవి మాత్రం విడదీశాం. నాలుగు వేలు. వినడం మొదలుపెట్టాను. సగం దగ్గుతో ఆగిపోయిన మాటలు, ఎవరో ఎవరినో అన్నం తిన్నావా అని అడగడం, జవాబు లేకపోవడం, మేక. ఒకతను మూడు నిమిషాలు ‘వినపడుతోందా’ అనే అన్నాడు. వినపడుతోంది బాబూ అని చివరికి నేనే జవాబు చెప్పాను. సువార్తమ్మ గారు చెవిలోది తీసి నా వైపు చూసి మళ్లీ పెట్టుకున్నారు.

ఆశ్వయుజం 13

పదకొండు గంటలప్పుడు సువార్తమ్మ గారు చెయ్యెత్తారు. నా చెవిలోది తీసి ఆవిడ దగ్గరికి వెళ్లాను.

ముప్పై ఎనిమిది సెకన్లు. ఎవరి ఫోనో నిండిపోయి దిగడం మధ్యలో ఆగింది. ఆ ఫోనుగల మనిషి బహుశా విసుక్కుని ఉంటాడు. అతని ఫోనులో చోటు లేకపోవడం వల్లనే ఇంత మిగిలింది.

కబురు పంపితే లంకమ్మ పరుగున వచ్చింది. పోలయ్య గారు వెనకాల. చెవికి పెట్టుకోమంటే వద్దంది, అందరికీ వినపడేలా పెట్టమంది. పెట్టాను.

‘ఒరే పోలిగా, గేదె ఈదుద్ది, నువ్వు ఈదలేవు. ముందు నువ్వెక్కు. రేవు పడవ. కామాక్షొదినా, బీరువా తాళం ఎతకమాక, రేపటికి బీరువాయే ఉండదు. రేవు పడవ. వెంకన్న మావా, నువ్వు మంచం దిగవని నాకు తెలుసు. ఒరే, మంచంతో సహా మొయ్యండ్రా ఆయన్ని. బడి పడవ. ఆ అత్తాకోడళ్లిద్దరికీ చెప్పేది, మిగతా పోట్లాట పడవలో ఎట్టుకోండి, కాకపోతే చెరో చివర కూకోండి, పడవ ఒరిగిద్ది. టీచరమ్మా, పుస్తకాలొగ్గేయండి, అవన్నీ మీకు నోటికొచ్చు. బడి పడవ. సుబ్బడూ, నీ మోటారు సైకిలు’

అంతే. తర్వాత లేదు.

 లంకమ్మ యంత్రం వైపే చూస్తోంది, ఇంకా వస్తుందన్నట్టు. “గొంతు బొంగురు,” అంది. “నాకూ అంతే. జలుబనుకునేదాన్ని.”

 నాకు హాస్యం రాలేదు, క్షమించమనడం కూడా రాలేదు. 

పోలయ్య గారు కళ్లు తుడుచుకుని అన్నారు, “సుబ్బడికి తరవాతి ముక్క వచ్చు. ఆడింటిది కదా. ఎవరింటిది వాళ్లకి వచ్చు. మిగతావి మాత్రం ఎవరికీ రావు. మన పేరొచ్చేదాకా విని పరుగెత్తాం కదా ఆ రోజు. తరవాత విన్నప్పుడూ అంతే, మనింటి తిట్టు రాగానే నవ్వుకుని కట్టేసేవాళ్లం.”

“అందరింటివీ పోగు చెయ్యొచ్చు కదండీ,” అన్నారు సువార్తమ్మ గారు.

“చెయ్యొచ్చమ్మా. ముప్పై మూడిళ్లవి వస్తాయి.”

ముప్పై నాలుగోది లంకమ్మ వాళ్లది. ఆ ఇంట్లో విన్నవాళ్లలో నాయనమ్మ గారు ఉప్పెన తర్వాత నాలుగేళ్లకి పోయారు. మిగిలింది నెలన్నర పిల్ల.

లంకమ్మే అంది, “ముప్పై మూడైనా పిలు నాన్నా. ఎల్లుండి ఎలాగూ భోజనాలకి వస్తారు కదా.”

ఆశ్వయుజం 15

బారసాల పోలయ్య గారి వాకిట్లో. మొగలిలంక వాళ్లు ఇక్కడున్నవాళ్లందరూ వచ్చారు. అవతలి కొండమీద స్థిరపడ్డ నాలుగిళ్ల వాళ్లు తమ మాటని కాగితం మీద రాసి బంధువులతో పంపారు. నేను రికార్డు యంత్రం పట్టుకుని వెళ్లాను. నన్ను చూసి కొందరు మొహం తిప్పుకున్నారు. వాళ్లది న్యాయమే. ఒక పెద్దావిడ మాత్రం, “నువ్వేనా మా తిట్లు చెరిపేసినోడివి? ఇలా రా, నీకు కొత్తవి పెడతాను,” అని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడే కామాక్షి గారట, బీరువా ఆవిడ.

కుళాయి వరసలో కూర్చోమన్నారు పోలయ్య గారు. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత, ఊరు లేని ఊళ్లో, ఎవరి కుళాయి తర్వాత ఎవరిదో ఒక్కరూ తడుముకోలేదు. ఇద్దరు మాత్రం మా కుళాయి ముందంటే మాది ముందని వాదించుకున్నారు. అప్పుడూ అదే గొడవట.

ముప్పై ఎనిమిది సెకన్లూ పెట్టాను. నూకరత్నం గారి గొంతు ‘సుబ్బడూ, నీ మోటారు సైకిలు’ దగ్గర తెగింది. తెగిన చోటే నెరిసిన గడ్డమున్న అరవై ఏళ్ల ఆయన, ఆ సుబ్బడే, లేచి బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని అందుకున్నాడు, “నీ మోటారు సైకిలు నీకన్నా ముందే మునిగింది. దానికోసం ఎనక్కి ఎల్లావంటే నీ కాళ్లు నేనే ఇరగ్గొడతాను. బడి పడవ.”

పక్కవాళ్లు లేచారు. తర్వాత వాళ్ల పక్కవాళ్లు. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెబుతున్నారు, ఎక్కడ ఆవిడ ఊపిరి తీసుకుందో అక్కడ ఆగి మరీ. ఒకామె పోయిన మొగుడి మీద వేసిన తిట్టు చెబుతూ మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసి పూర్తి చేసింది. కొందరికి నవ్వు, కొందరికి ఏడుపు. ముప్పై మూడోది ఇస్మాయిలు గారిది. ఎనభై దాటాయి, మనవడు పట్టుకుంటే లేచారు.

“ఇస్మాయిలు గారండీ, కోళ్ల గంప తలుపు తీసి ఒగ్గేయండి. ఆటికి రెక్కలున్నాయి, మీకు మోకాళ్ల నొప్పులున్నాయి. రేవు పడవ.” చెప్పి ఆయన అలాగే నిలబడ్డారు. ఆయన పక్కన లంకమ్మ, ఒళ్లో పిల్ల.

ఎవరూ ఏమీ అనలేదు. వాకిట్లో అంతమంది ఉన్నారు, ఒక్కరు దగ్గలేదు. పోలయ్య గారు నేల చూస్తున్నారు. నేను యంత్రం ఆపలేదు. ఆపడం నా చేతిలో పనేనని కూడా గుర్తు రాలేదు.

తర్వాత లంకమ్మ పళ్లెంలో బియ్యం దగ్గరికి లాక్కుంటే అప్పుడు యంత్రం కట్టాను. ఆమె వేలితో రాసింది. నూకరత్నం. పిల్ల చెవి దగ్గర వంగి మూడుసార్లు చెప్పింది. తనకి తెలిసిన పేరు అదొక్కటే కదా, అది పెట్టింది.

భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి, ఎంతసేపు వచ్చింది బాబాయ్ గారూ అని అడిగింది. చెప్పాను. చివర్లో పద్నాలుగు సెకన్లు ఏమీ లేదన్నాను.

“మా అమ్మ అంతసేపు అని ఉండదు లెండి,” అంది. “నెలన్నర పిల్లని పట్టుకుని ఏం తిడతాది.”

షెడ్డుకి వచ్చి ఫైలు గాదెలోకి ఎక్కించాను. చోటు ఆదా కోసం యంత్రం ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది: చివర శబ్దం లేని పద్నాలుగు సెకన్లు కత్తిరించమంటారా?

వద్దని నొక్కాను. ఖచ్చితంగానా అని మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నాను.